గుట్ట మీది ఆడబిడ్డ చెల్క

దిల్‌సుఖ్‌నగర్,
17 మార్చి 2025

అండాలు వదినెకు నీ ఆడబిడ్డ సంధ్యారాణి నమస్కరించి రాసేది.

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్లో చెబితే మా లచ్చయ్యన్న స్పీకర్ పెట్టి వాడకట్టు మొత్తానికి వినిపిస్తాడు. నీకు చెవిలో చెప్పాలనుకున్న మాట నీకంటే ముందు పక్కింటివాళ్లకు చేరుతుంది. అందుకే ఎల్బీ నగర్‌లో దేవరకొండ బస్సు డ్రైవర్ రాజు చేతికి ఇస్తున్నాను. స్టేజీ దగ్గర చాయ్ హోటల్లో ఇచ్చి పోతాడు. నువ్వూ అట్లాగే పంపు.

నిన్న చంపాపేటలో మన ఎర్రగుంటపల్లి వాళ్లమంతా కూర్చున్నాం. గుట్ట కింద వానకు కొట్టుకుపోతున్న మెట్ట చెల్కలను బాగుచేసే పని మన పట్నం సంఘమే ఎత్తుకుంటుందని ఖాయమైంది. ఇన్నాళ్లూ మనవాళ్ల ప్రతి పెళ్లిలో కట్నాలు, చదివింపులు రాసే బల్ల పక్కన ఇంకో బల్ల వేసుకుని, "ఊరి చెల్కకు ఏమన్నా రాయిన్రి" అని నేను సిగ్గు విడిచి అడిగింది వృథా పోలేదు. ఆటోలు నడిపేవాళ్లు, బట్టలు కుట్టేవాళ్లు, హాస్టళ్లలో వండేవాళ్లు ఇచ్చిన సొమ్ము వదినె అది. దానికి సమానంగా ఒక సేవాసంస్థ ఇస్తానంది. ఆ సంస్థతో మాట్లాడింది మా పైపోర్షన్ వెంకట్రావు గారు. భీమవరం వైపు మనిషి, బ్యాంకులో రైతుల అప్పులు చూసి రిటైరయ్యారు.

ఆయన షరతులు పెట్టించారు. "దానం కింద ఇస్తే ఏటా ఇస్తూనే ఉండాలమ్మా. షరతు మీద ఇస్తే నేల నిలబడుద్ది" అన్నారు. పని గుట్ట పైనుంచి మొదలు కావాలి. పైన వాలుకు అడ్డంగా కందకాలు తవ్వాకే కింద మట్టికట్టలు వేయాలి. కందకాలకు గుర్తులు సంఘంవాళ్లే వేయించి పంపుతారు. రెండు వానాకాలాలు గొర్రెలూ మేకలూ అటు పోకూడదు. జూన్ మొదట్లో వచ్చే మిరుగు కార్తె లోపల పై కందకాలు పూర్తయితేనే సంస్థ వంతు వస్తుంది, లేకపోతే రాదు. ఊళ్లో మీ ఆడవాళ్ల సంఘం చేతుల మీదుగానే పని నడవాలి. జిమ్మేదారు నువ్వే అని నేనే చెప్పి వచ్చాను, కోప్పడకు. మొదటి విడత మీ సంఘం ఖాతాలో పడింది.

మా ఆయన సాయినాథ్ టిఫిన్ సెంటర్‌లో పిండి కలుపుతూ ఏమన్నాడో తెలుసా? "ఆడబిడ్డలు తల్లిగారింటికెల్లి మూటలు తెచ్చుకుంటరు. నువ్వేంది, ఉల్టా పంపుతున్నవ్?" అన్నాడు. నవ్వుకున్నాం.

మీ సంధ్య

*

ఎర్రగుంటపల్లి,
9 ఏప్రిల్

సంధ్యను దీవించి వదినె రాయడం.

అడగకుండా నన్ను జిమ్మేదారును చేసి, కోప్పడకు అంటే ఎట్లా? కోప్పడ్డాను. తర్వాత పోయి ఇల్లిల్లూ తిరిగాను.

గుట్ట కింద చెల్కలున్న కుటుంబాలన్నిటినీ బొడ్రాయి దగ్గర కూర్చోబెట్టి మాట తీసుకున్నాం. బొడ్రాయి ముందు ఇచ్చిన మాట తప్పే ధైర్యం మన ఊళ్లో ఎవరికీ లేదని నీకు తెలుసు. యాదలక్ష్మి ఒక్కతే ఏడ్చింది. "మ్యాకలు లేకుంట నేనెట్ల బత్కాలె అండాలూ?" అంది. ముందు నా మేకలు అమ్మి చూపించాను. అప్పుడు తనవి తల్లిగారి ఊరికి తోలింది. ఇంతమంది నా మొహం చూసి ఒప్పుకున్నారు సంధ్యా. పని చెడిపోతే వీళ్లు పట్నం సంఘాన్ని అడగరు, మా వాకిట్లోకి వస్తారు.

ఇక అసలు చిక్కు. గుట్ట పైభాగమంతా నీ భూమే. మామ నీకు పసుపు కుంకుమ కింద రాసిచ్చిన చెల్క. మీ అన్న అక్కడ గడ్డపార వేయనివ్వడు. "చెల్లె నోటితోటి ఊ అనకుంట దాని భూమిల చెయ్యి పెడితే నాకు పుట్టగతులుండయ్" అంటున్నాడు. నీ మాట ఒక్కటి చాలు ఆయనకు. సంస్థవాళ్లకు మాత్రం నీ సంతకంతో ఒప్పుకోలు కాగితం కావాలట. తొందరగా పంపు.

కూలికి వచ్చినవాళ్లను ఖాళీగా కూర్చోబెట్టలేక కింది చెల్కల్లో కట్టలు మొదలుపెట్టించాను. పైనుంచి రావలసిన పని కిందినుంచి మొదలైందని వెంకట్రావు సారుకు చెప్పకు. కాగితం రాగానే పైకి ఎక్కుతాం.

వదినె అండాలమ్మ

*

దిల్‌సుఖ్‌నగర్,
4 మే

వదినెకు,

ఎండలు ఎట్లా ఉన్నాయి? ఇక్కడ మెట్రో కింద నీడలో నిలబడ్డా వేడి కొడుతోంది. మీ మేనకోడలు మౌనిక ఎంట్రన్స్ పరీక్ష రాసింది. కోచింగ్ పిల్లలు ఊళ్లకు పోయారు, టిఫిన్ సెంటర్‌కు గిరాకీ లేదు. పైగా ఓనరు షాపు మడిగె ఖాళీ చేయమంటున్నాడు. ఎక్కువ కిరాయి ఇచ్చేవాళ్లు దొరికారట. సాయినాథ్ రోజూ చంపాపేట రోడ్డు మీద సొంత మడిగె కోసం తిరుగుతున్నాడు. మనిషి సగమయ్యాడు.

కాగితం సంగతి మరిచిపోలేదు. సాయినాథ్‌కు కొంచెం తీరిక దొరకనీ. అంత తొందరేముంది? కింది పని ఎట్లాగూ నడుస్తోంది కదా.

అన్నట్టు వదినె, గుట్ట పైకి దారి ఎట్లా ఉంది? కారు పోతుందా? ఊరికే అడిగాను.

సంధ్య

*

ఎర్రగుంటపల్లి,
15 మే

సంధ్యకు,

తొందరేముంది అని రాశావు. ఈ ఉత్తరం చదివాక నీకే తెలుస్తుంది.

మొన్న పొద్దుమూకే వేళ గాలివాన వచ్చింది. కాసేపే కొట్టింది. నీ చెల్క మీదుగా నీళ్లు ఒక్కపెట్టున దిగి యాదలక్ష్మి చెల్కలో కొత్తగా వేసిన కట్టను కోసుకుని పోయాయి. ఎర్రమట్టి మొత్తం వాగులో పడింది. ఆమె గట్టున కూర్చుని, తెగిన చోట చేతులతో మట్టి ఎత్తుకుంటోంది. నన్ను తిట్టినా బాగుండేది. ఒక్క గాలివానకే ఇట్లా అయితే, మిరుగు వానలు పడితే ఒక్క కట్ట మిగలదు. పైన కందకాలు పడాలి. నీ సంతకం కావాలి.

నాకు రాత్రింబవళ్లు ఒకటే ఆలోచన. నీకు ఇవ్వబుద్ధి కావడం లేదా? ఇన్నేళ్లు ఆ చెల్క మీద మేము ఏమీ పండించలేదు, నీకు కౌలు ఇచ్చిందీ లేదు. అది మనసులో పెట్టుకున్నావా? అట్లయితే చెప్పు, ఇకమీద పండేదాంట్లో నీ భాగం బస్సులో వేసి పంపుతాను. లేకపోతే కిందినుంచి మొదలుపెట్టానని సంఘంలో తెలిసి నన్ను నమ్మడం మానేశారా? అదన్నా చెప్పు.

కారు దారి గురించి అడిగావని మీ అన్నకు చెప్పాను. సంస్థవాళ్లు చూడడానికి వస్తున్నారని ఆయనకు అర్థమైంది. ఇంకేముంది, అందరినీ పోగుచేసి రెండు పూటలు రాళ్లు ఏరించి దారి సాపు చేయించాడు. ఒక్కరూ కూలి అడగలేదు. ఇప్పుడు నీ కారు నిక్షేపంగా గుట్ట ఎక్కుతుంది. వచ్చేది ఎవరో, ఎప్పుడో రాయి, అన్నం వండి పెడతాం.

అండాలమ్మ

*

దిల్‌సుఖ్‌నగర్,
26 మే

వదినె,

ఈ ఉత్తరం చదివి చింపెయ్. అన్నకు చెప్పకు.

కారులో వచ్చేది సంస్థవాళ్లు కాదు. ప్లాట్ల జంగయ్య అని సాగర్ రోడ్డు పొడుగునా వెంచర్లు వేసే మనిషి. నా చెల్క అతనికి అమ్మడానికి సాయినాథ్ బయానా తీసుకున్నాడు. ఆ పైసలు చంపాపేట మడిగెకు కట్టేశాడు. నాకు తెలియక జరిగింది కాదు. "నీ పేరు మీద భూమి ఎండుతున్నది, నేనేమో రోడ్డు మీద పడుతున్న. ఏం చెయ్యమంటవ్ చెప్పు" అన్నాడు. నేను వద్దనలేదు వదినె. ఊ అనలేదు, వద్దనలేదు. అదే ఊ అయింది. రిజిస్ట్రేషన్ వచ్చే నెల.

నువ్వు కౌలు మాట రాసినప్పుడు నేను టిఫిన్ సెంటర్ వెనక కూర్చుని ఏడ్చాను. మీరు నాకేమీ బాకీ లేరు. మొన్న ఆదివారం కూడా ఒక పెళ్లిలో చెల్క బల్ల దగ్గర కూర్చున్నాను. ఒక ముసలాయన కొంగుముడిలా చుట్టిన నోట్లు తీసి, "మా తాత చెల్క గూడ ఆడ్నే ఉండె బిడ్డా" అని ఇచ్చాడు. ఏ మొహం పెట్టుకుని తీసుకున్నానో నాకే తెలియదు. సంఘంలో ఎవరికీ చెప్పలేదు. వెంకట్రావు గారు మెట్ల మీద ఎదురైతే తప్పుకుని పోతున్నాను.

నా చెల్కను వదిలేసి, దాని కింద హద్దు వెంట కందకాలు తవ్వుకునే వీలుందేమో చూడు. పైన మాత్రం ఎవరినీ చెయ్యి పెట్టనివ్వకు. నన్ను తిట్టు, కానీ పెట్టనివ్వకు.

సంధ్య

*

ఎర్రగుంటపల్లి,
2 జూన్

సంధ్యమ్మకు వెయ్యేళ్ల ఆయుష్షు!

ఎంత పని చేశావే! ఉత్తరం లేదు పత్తరం లేదు, నిన్ను ఎన్ని తిట్లు తిట్టుకున్నానో. పోయిన వారం పొద్దున్నే పట్నం నుంచి బండి వచ్చి, నీ చెల్కలో సున్నం పూసిన రాళ్లు దించి పాతిపెట్టి పోయింది. "సంధ్యమ్మ భూమి ఇదేనా? వాళ్ల ఇంటాయన పంపిండు" అన్నారట. మీ అన్న పరుగెత్తుకుంటూ వచ్చి, "చెల్లె నిషాన్లు పంపింది, ఇంక కాగితమెందుకు, గంతకంటే ఊ అనుడేముంటది" అన్నాడు. కందకాలకు గుర్తులు వేయించి పంపుతామని మొదట్లో సంఘంవాళ్లు చెప్పింది ఆయన మనసులో ఉంది.

అందరం పైకెక్కాం. ఖాతాలో కూలికి పైసలు లేవని ముందే చెప్పాను. "పైసలెవరడిగిన్రు, మిరుగొస్తున్నది నడువు" అన్నది యాదలక్ష్మి. తెల్లవారకముందే పోయి ఎండ ముదిరేదాకా తవ్వాం. పిల్లల తల్లులు కూడా చెట్టుకు ఉయ్యాల కట్టి మరీ తవ్వారు. నిన్నటితో పై కందకాలు పూర్తయ్యాయి. తెగిపోయిన యాదలక్ష్మి కట్టను కూడా మళ్లీ వేశాం.

ఒక్క మాట మాత్రం మీ పట్నం వాళ్లకు చెప్పు. ఆ రాళ్లు పాతినవాడికి వాలు అంటే ఏమిటో తెలియదు. నిలువుగా ఒక వరస, అడ్డంగా ఒక వరస, చదరంగం పలకలాగా పాతిపోయాడు. అట్లా తవ్వితే నీళ్లు నిలుస్తాయా? మీ అన్న నవ్వి నవ్వి, ఆ రాళ్లన్నీ పీకించి, కందకాలు నిండి పొర్లే చోట మట్టి కోసుకుపోకుండా పరిపించాడు. మంచి రాళ్లు, వృథా కాలేదు.

డ్రైవర్ రాజు పెళ్లిళ్ల లీవులో ఉన్నాడట, ఇది ఇంకో డ్రైవర్‌కు ఇస్తున్నాను. సంస్థవాళ్లను రమ్మను. కోడిని కోసి పెడతాం.

మీ వదినె

*

దిల్‌సుఖ్‌నగర్,
5 జూన్

వదినె,

నా మే నెల ఉత్తరం నీకు అందిందా లేదా? నిజం చెప్పు. అంది, చదివి, తవ్వించావా? సాయినాథ్ అదే అంటున్నాడు. "మీ వదినె మస్తు తెలివైంది, ఎరుక లేనట్టు చేసింది" అంటున్నాడు. నాకు ఏమి నమ్మాలో తెలియడం లేదు.

నిన్న పొద్దున గిరాకీ మధ్యలో జంగయ్య వచ్చాడు. కొనేవాళ్లను కారులో తీసుకుపోయి గుట్ట ఎక్కించాడట. మీరు సాపు చేసిన దారి మీదుగానే. పైన చూస్తే రాళ్లు లేవు, అంతా కందకాలు. వాళ్లు కారు దిగకుండానే వెనక్కి తిప్పమన్నారట. ప్లేట్లు పట్టుకుని తింటున్న పిల్లల ముందు అరిచాడు. "మట్టి పూడ్చి నా రాళ్లు నాకు పాతియ్యాలె. లేకుంటే బయానాకు డబుల్ కట్టాలె. కాయితం మీద నువ్వే రాసిచ్చినవ్" అని. సాయినాథ్ రాత్రి అన్నం ముట్టలేదు.

శనివారం జేసీబీ వస్తుంది. కందకాలు పూడ్చడానికి. సాయినాథ్ మాట్లాడేశాడు. నేను ఆపలేను వదినె. ఆపితే మడిగె పోతుంది, బయానా మీద పడుతుంది, ఆ మనిషి ఏమైపోతాడో. నిన్న మీ ఇంటికి ఫోన్ చేశాను. అన్న ఎత్తాడు. "చెల్లే, మా చెల్లే" అని సంతోషంగా పిలిచాడు. బాగున్నారా అని పెట్టేశాను.

ఊళ్లోవాళ్లకు ఏదో ఒకటి నువ్వే చెప్పు.

సంధ్య

*

ఎర్రగుంటపల్లి,
7 జూన్, సాయంత్రం

సంధ్యారాణికి,

నీ రెండు ఉత్తరాలు నిన్న ఒక్కసారే అందాయి. రాజు లీవు నుంచి వచ్చి, బస్సులో సీటు కింద పడి ఉందని పాతదాన్ని కొత్తదానితో కలిపి ఇచ్చాడు. తెలిసి తవ్వించలేదు. ముందే తెలిసి ఉంటే తవ్వించేదాన్నా కాదా అంటే, ఏమో, తవ్వించేదాన్నేమో. కానీ తెలియదు. నమ్మితే నమ్ము.

నాకు ఒళ్లు మండిపోతోంది. భూమి అమ్ముకున్నందుకు కాదు. నీ భూమి, నీ కష్టం, అమ్ముకో. ఏప్రిల్‌లో నేను కాగితం అడిగినప్పుడు, "వదినె, అమ్మాలనుకుంటున్నాం" అని ఒక్క ముక్క రాసి ఉంటే బొడ్రాయి దగ్గరే అందరికీ చెప్పి లేచేదాన్ని. యాదలక్ష్మి మేకలు ఆమె దొడ్లో ఉండేవి. ఎండకు ఎండి, కూలి లేకుండా తవ్వినవాళ్లకు ఏదో ఒకటి చెప్పమన్నావు. ఏం చెప్పాలే? వాళ్ల చెమటను జేసీబీ పెట్టి పూడుస్తున్నారని చెప్పనా?

ఈరోజు పొద్దున జేసీబీ వచ్చింది. ఊరంతా గుట్ట ఎక్కింది. మీ అన్న బకెట్‌కు అడ్డంగా నిలబడ్డాడు. అప్పుడు అందరి ముందు చెప్పాను, పంపింది మా ఆడబిడ్డ ఇంటివాళ్లేనని. మీ అన్న నన్ను కొట్టడానికి వచ్చినంత పని చేశాడు. "నా చెల్లె అట్ల చెయ్యది. అబద్ధం" అన్నాడు. అట్లా అంటూనే పక్కకు జరిగాడు. ఎందుకంటే నీ భూమి. నువ్వు ఊ అనకుండా గడ్డపార వేయని మనిషి, నువ్వు పూడ్చమంటే అడ్డం ఎట్లా నిలబడతాడు?

డ్రైవర్‌కు నేనొకటే చెప్పాను. "ఈ భూమి సంధ్యమ్మది. సాయినాథ్‌ది కాదు. తవ్వుటానికి ఆమె మాట కావాలె అన్నం, పూడ్వనీకె గూడ ఆమె మాటనే కావాలె. ఆమె వచ్చి చెప్పినంక చెయ్యి." అతను మీ ఆయనకు ఫోన్ చేశాడు, తర్వాత ఇంతమందిని చూసి బండి ఆపి తాళం జేబులో వేసుకున్నాడు. రేపు మధ్యాహ్నం దాకా ఆగుతానన్నాడు.

తెల్లవారి మొదటి బస్సుకు రా. గుట్ట మీద నిలబడి, ఈ మనుషుల మొహాలు చూసి, పూడ్చమని నీ నోటితో చెప్పు. చెబితే జేసీబీ కూడా అక్కర్లేదు. మేమే పారలు పట్టి పూడ్చి, నీ రాళ్లు నీకు పాతిస్తాం. ఒట్టు. ఇది ఫోన్లో చెప్పే మాట కాదు కాబట్టి రాజు చేతికి ఇచ్చి నీ చేతిలోనే పెట్టమన్నాను.

ఆకాశం నల్లగా ఉంది.

అండాలమ్మ

*

దిల్‌సుఖ్‌నగర్,
29 జూన్

వదినెకు,

నేను వచ్చిపోయాక నువ్వు రాసిన ఉత్తరం అంది చాలా రోజులైంది. జవాబు రాయకపోవడానికి కోపమే కారణం. నీ మీద కోపం. నా నోట రాదని తెలిసే రమ్మన్నావు. ఆ పొద్దున గుట్ట మీద అన్న నా వైపు చూడకుండా నేల చూస్తూ నిలబడ్డాడు, యాదలక్ష్మి నాకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆ చెంబు పట్టుకుని పూడ్చమని ఎవరు చెప్పగలరు? పూడ్చొద్దు అన్నాను. అందరూ మంచిదాన్నని అంటున్నారు. మంచితనం కాదు వదినె, అంతమందిలో ఆ మాట అనలేకపోయాను, అంతే.

ఇంటికి వచ్చాక సాయినాథ్ అరవలేదు. మడిగె వదులుకున్నాడు. దానికి కట్టింది తెచ్చి జంగయ్యకు ఇచ్చాడు, మిగతాదానికి నా మెడలోది పోయింది. టిఫిన్ సెంటర్ మూసేశాం. ఆయన అల్మాస్‌గూడలో వాళ్ల తమ్ముని ఇంట్లో ఉంటూ ఒక క్యాటరింగ్ ఆయన దగ్గర వంటకు పోతున్నాడు. నేను కొత్తపేటలో ఒక హాస్టల్లో వండుతున్నాను. మౌనిక నాతోనే ఉంది. సాయినాథ్ ఆమెకే ఫోన్ చేస్తాడు.

జంగయ్యకు కట్టకముందే సంఘంలో అంతా చెప్పేశాను. కొందరు లేచి తిట్టారు. పడ్డాను. కొందరు జాలిపడి, చెల్క సొమ్ములోంచి ఆ డబుల్ బయానా కట్టేద్దామన్నారు. వెంకట్రావు గారు లేచి, "ఆవిడ కష్టం నిజమేనండి. కానీ ఈ సొమ్ము ఒక్కసారి పక్కదారి పట్టిందంటే రేపు ఏ పెళ్లిలోనూ ఎవరూ రూపాయి వెయ్యరు" అన్నారు. ఆయన అనకపోతే నేనే అనేదాన్ని. చెల్క సొమ్ము చెల్కకే పోవాలి. ఒప్పుకోలు కాగితం మీద ఆ రోజే సంతకం పెట్టాను. సంస్థ వంతు మీ ఖాతాలో పడింది, తవ్విన ప్రతి ఒక్కరికీ కూలి ఇయ్యి. అన్నకు కూడా.

నీ ఉత్తరం నిన్న మళ్లీ చదివాను, మిరుగు వాన తెల్లారేదాకా కొట్టిందని రాసింది. అది చదువుతుంటే మౌనికకు వాళ్ల నాన్న ఫోన్ వచ్చింది. పిల్ల ఫోన్ నా చేతిలో పెట్టి పక్కకు పోయింది. ఇద్దరం మాట్లాడుకోక మూడు వారాలైంది. ఏం మాట్లాడాలో తెలియక నీ ఉత్తరమే చదివి వినిపించాను. గుట్ట దిగే నీళ్ల చప్పుడు ఈసారి వినిపించలేదని రాశావు కదా, అక్కడిదాకా చదివాను. ఆయన ఊ కొట్టలేదు. పెట్టేశాడేమో అనుకున్నాను.

అప్పుడు, "యాదలక్ష్మి కట్ట ఆగిందా?" అని అడిగాడు.

ఆగింది అన్నాను. ఇంకేమీ అనకుండా పెట్టేశాడు. కానీ అడిగాడు వదినె.

నీ ఆడబిడ్డ
సంధ్య